సగటు చెప్పని సంగతి: ఒక బీకాం సెక్షన్‌లో బోధనపై విద్యార్థుల అభిప్రాయ సేకరణ – కేస్ స్టడీ

డిగ్రీ కళాశాలల్లో సెమిస్టర్ చివర ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం పంచుతారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. కళాశాలలోని అంతర్గత నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) వాళ్లు సగటు తీసి, బార్ గ్రాఫ్ గీసి ఫైల్లో పెడతారు. దాదాపు అందరు లెక్చరర్లకూ నాలుగు పైనే వస్తుంది. కళాశాలల నాణ్యతను చూసే జాతీయ సంస్థ న్యాక్ పరిశీలన జరిగే రోజు ఆ ఫైలు టేబుల్ మీదికి వస్తుంది, అది ముగిశాక బీరువాలోకి పోతుంది. ఫారం నింపిన పిల్లలకు గానీ, పాఠం చెప్పిన మనిషికి గానీ దాంతో ఒరిగేది ఏమీ ఉండదు. ఒకే సెక్షన్‌ను, ఒకే పేపరును తీసుకుని ఈ పనిని మొదటి నుంచీ ఎలా కట్టుకోవాలో, ఎక్కడ తప్పుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందే ఒక మాట. కేసులోని కళాశాల ఏ ఒక్క కళాశాలా కాదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉదయగిరి, వింజమూరు వైపు, ఒంగోలుకు పడమట కనిగిరి, పొదిలి వైపు ఉండే డిగ్రీ కళాశాలల పరిస్థితులను కలిపి తయారుచేసిన నమూనా ఇది. సెక్షన్ అంకెలు లెక్క ఎలా కట్టాలో చూపడానికి పెట్టినవి.

సెక్షన్ స్వరూపం

బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ మొదటి సంవత్సరం. పేపరు ఫైనాన్షియల్ అకౌంటింగ్. రోల్‌లో 58 మంది. పాఠం చెప్పేది గెస్ట్ లెక్చరర్‌గా ఉన్న మేడం. వారానికి ఐదు పీరియడ్లు, ఒక్కోటి 50 నిమిషాలు. అందులో రెండు చివరి అవర్లే. చుట్టుపక్కల పల్లెలకు పోయే బస్సు సాయంత్రం నాలుగు దాటగానే కదులుతుంది కాబట్టి ఆ రెండు అవర్లలో చివరి పది నిమిషాలు బ్యాగులు సర్దుకోవడంతోనే సరి.

ఈ సెక్షన్‌లో ఎవరెవరు ఉన్నారో తెలియకుండా వాళ్ల అభిప్రాయం చదవలేం. ఇంటర్‌లో సీఈసీ చదివి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు చిట్టా, ఆవర్జా, అంకణా రెండేళ్లుగా చేతికి అలవాటైన లెక్కలు. ఎంపీసీ, బైపీసీ చదివి ఇంజనీరింగో నర్సింగో కుదరక బీకాంలో చేరినవాళ్లూ దాదాపు అంతే మంది ఉంటారు. వాళ్లు డెబిట్, క్రెడిట్ అన్న మాటలు బ్యాంకు మెసేజ్‌లలో తప్ప చూసి ఉండరు. దీనిమీద భాష ఒకటి. 2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు అవే లెక్కలను ఇప్పుడు జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అన్న పేర్లతో నేర్చుకోవాలి.

విశ్వవిద్యాలయం ఏదన్నా ఈ చిక్కు ఒకటే. నెల్లూరు వైపు కళాశాలలు మొదట శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండి, 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చాయి. ఒంగోలు వైపు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉండేది, 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. సిలబస్, ప్రశ్నపత్రం అక్కడి నుంచి వస్తాయి. క్లాసులో జరిగేదంతా లెక్చరర్ చేతిలో ఉండదని ఫారం తయారుచేసేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాలి.

పాత ఫారంలో ఏం తప్పు

పాత ఫారంలో మొదటి ప్రశ్న అధ్యాపకుడి విషయ పరిజ్ఞానం గురించి ఉంటుంది. మొదటి సంవత్సరం పిల్లలు దీనికి జవాబు చెప్పలేరు. చెప్పినా, ధాటిగా మాట్లాడేవారికి ఎక్కువ మార్కులు పడతాయి. 1970లో అమెరికాలో ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అని పేరు పెట్టి, సరుకు లేని ఉపన్యాసాన్ని హావభావాలతో చెప్పించారు. విన్నవాళ్లు వైద్య విద్యలో పనిచేసే చదువుకున్న మనుషులు. వాళ్లే మంచి మార్కులు వేశారు. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తప్పుపట్టే పని లేదు, తప్పు ప్రశ్నది. విషయ పరిజ్ఞానం చూడాలంటే అదే సబ్జెక్టు తెలిసిన మరో లెక్చరర్ క్లాసులో కూర్చోవాలి, ప్రశ్నపత్రం చూడాలి, దిద్దిన పేపర్లు పది తీసి చదవాలి.

విద్యార్థి సాక్షి. క్లాసు ఎప్పుడు మొదలైంది, బోర్డు కనిపించిందా, సందేహం అడిగితే ఏం జరిగింది, పేపరు దిద్ది చేతికి ఇచ్చారా అన్నవి అతను కళ్లారా చూసినవి. ఆ మాటకు విలువ ఉంది, ఇంకెవరూ చెప్పలేరు కూడా. అతన్ని న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టి తీర్పు అడగడంతోనే ఫారం పాడవుతుంది.

రెండో తప్పు, ఒకే ప్రశ్నలో రెండు అడగడం. ‘స్పష్టంగా, ఆసక్తికరంగా చెబుతారా?’ అంటే స్పష్టంగా చెప్పినా విసుగు పుట్టించే లెక్చరర్‌కు ఏ అంకె వేయాలి? పిల్లలు మధ్యలో 3 వేసి పోతారు. మూడో తప్పు భాష. ఫారం ఇంగ్లీషులో ఉంటే సగం మంది ప్రశ్న చదవకుండా నిలువునా ఒకే గడిలో టిక్కులు పెడతారు. నాలుగోది సమయం. సెమిస్టర్ అయిపోయాక హాల్ టికెట్ ఇచ్చే రోజున ఫారం నింపమంటే, ఆ జవాబుతో ఆ పిల్లలకు దక్కేది సున్నా. పై సంవత్సరం వాళ్లు చెప్పినదానికి ఏమీ కాలేదని వీళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది.

ఐదోది అన్నిటికన్నా పెద్దది, భయం. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే పేరు తెలిసిపోతుంది. ఆఫ్ చేసినా, ఒక్కరు ఒక్కసారే నింపాలన్న సెట్టింగ్ పెడితే ఫోన్‌లో లాగిన్ అడుగుతుంది. అడ్రస్ నమోదు కాకపోయినా, లాగిన్ అయ్యామంటే మన పేరు వాళ్లకు చేరినట్టే అని పిల్లలు అనుకుంటారు. ఇంటర్నల్ మార్కులు అదే లెక్చరర్ చేతిలో ఉండగా ఎవరు నిజం రాస్తారు?

న్యాక్ సర్వే వేరు, ఇది వేరు

చాలాచోట్ల ఈ రెండింటినీ కలిపేస్తారు. న్యాక్ విద్యార్థి సంతృప్తి సర్వేలో 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఒక రాత ప్రశ్న ఉంటాయి. కళాశాల ఇచ్చిన జాబితాను బట్టి న్యాకే నేరుగా విద్యార్థులకు ఈమెయిల్ పంపుతుంది. అందులో మొదటి ప్రశ్న సిలబస్ ఎంత శాతం క్లాసులో పూర్తయిందన్నది. ఆ ప్రశ్నలు మొత్తం సంస్థను ఉద్దేశించి రాసినవి, ‘అధ్యాపకులు’ అని అందరినీ కలిపి అడుగుతాయి. దాన్ని కాపీ చేసి ఒక్కో లెక్చరర్ పేరు కింద పంచితే వచ్చే జవాబుకు అర్థం ఉండదు. న్యాక్ కోసం ఏడాదికోసారి చేసేది చేయండి. క్లాసు బాగుపడటానికి చేసేదాన్ని విడిగా, చిన్నగా, సెమిస్టర్ మధ్యలో పెట్టండి. రెండో దాని అంకెలు న్యాక్ ఫైల్లోకి పోకూడదు. తీసుకున్న చర్యల జాబితా మాత్రం పోవచ్చు, వాళ్లు అడిగేదీ అదే.

కొత్త ఫారం

ఏ4 కాగితంలో సగం, ఒకవైపే. ఎనిమిది టిక్కు ప్రశ్నలు, రెండు రాత ప్రశ్నలు. అన్నీ తెలుగులో, పాఠానికి సంబంధించిన పదాలు మాత్రం క్లాసులో వాడే రూపంలోనే. నింపడానికి పది నిమిషాలు చాలు.

1. గత రెండు వారాల్లో ఈ సబ్జెక్టు క్లాసు పది నిమిషాలకు మించి ఆలస్యంగా మొదలైంది ఎన్నిసార్లు? (ఒక్కసారీ లేదు / 1–2 / 3 లేక ఎక్కువ)
2. మీరు కూర్చునే చోటు నుంచి బోర్డు మీద రాసింది చదవగలుగుతున్నారా? (ఎప్పుడూ / కొన్నిసార్లు / లేదు)
3. పాఠం వేగం ఎలా ఉంది? (మరీ నెమ్మది / కొంచెం నెమ్మది / సరిపోయింది / కొంచెం వేగం / మరీ వేగం)
4. వారంలో ఎన్నిసార్లు క్లాసులో మీరే సొంతంగా లెక్క చేశారు? (లేదు / 1 / 2 / 3 లేక ఎక్కువ)
5. సందేహం అడిగితే ఏమవుతుంది? (అప్పుడే చెబుతారు / తర్వాత చెబుతామని చెబుతారు / తర్వాత అని మర్చిపోతారు / అడగడానికే జంకుతాం)
6. మొదటి ఇంటర్నల్ పేపరు దిద్ది మీ చేతికి ఇచ్చారా? (వారంలో / రెండు వారాల్లో / ఇంకా లేదు)
7. పాఠంలో తెలుగు వివరణ ఎంత కావాలి? (ఇప్పుడున్నంత చాలు / ఇంకా కావాలి / తగ్గించవచ్చు)
8. ఇంటర్‌లో మీ గ్రూపు: సీఈసీ / ఇతరం

రాత ప్రశ్నలు రెండే. క్లాసులో ఏది ఇలాగే కొనసాగాలి? ఏ ఒక్కటి మారితే మీకు ఎక్కువ ఉపయోగం? రెండో దానిలో ‘ఒక్కటి’ అన్న మాటను తీసేయవద్దు. అది లేకపోతే ఫ్యాను నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ దాకా అన్నీ వస్తాయి, ముఖ్యమైనది ఏదో తెలియదు.

ఆడా మగా, ఊరు, హాస్టల్ వంటివి అడగలేదు. గ్రూపుతో పాటు ఇంకో వివరం అడిగితే సెక్షన్ నాలుగైదు ముక్కలవుతుంది, ఒక ముక్కలో ముగ్గురే మిగిలితే వాళ్లెవరో మేడంకు తెలిసిపోతుంది. ఏ ముక్కలోనైనా పది మంది కన్నా తక్కువ ఉంటే ఆ విడదీత వద్దు.

సేకరించే రోజు

పదిహేను వారాల సెమిస్టర్ అయితే ఆరో వారం గానీ ఏడో వారం గానీ. మొదటి ఇంటర్నల్ పేపర్లు చేతికి ఇచ్చిన మరునాడు పెట్టవద్దు, మార్కుల కోపమో సంతోషమో అన్ని గడుల్లోకీ పాకుతుంది. కనీసం నాలుగు రోజులు ఆగాలి. నెల్లూరు రొట్టెల పండుగ వారం, సంక్రాంతి ముందు వారం, ఎన్ఎస్ఎస్ క్యాంపు నడిచే వారం హాజరు పలచబడుతుంది, అప్పుడు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో సెలవులు వస్తుంటాయి. ఆ తర్వాత సిలబస్ పూర్తిచేయాలన్న తొందరలో పాఠాలు పరుగెడతాయి. ఆ వారంలో వేగం గురించి అడిగితే తుఫాను నెపాన్ని లెక్చరర్ మీద వేసినట్టవుతుంది. అడగక తప్పకపోతే ఎన్ని క్లాసులు పోయాయో నివేదికలో పక్కనే రాయాలి.

పీరియడ్ మొదటి పదిహేను నిమిషాల్లో చేయించాలి, చివర్లో వద్దు. చివరి అవర్ అసలే వద్దు. వేరే శాఖ లెక్చరర్ ఒకరు వచ్చి, మేడం బయటికి వెళ్లాక ఫారాలు పంచుతారు. క్లాసులో ఉన్నవాళ్లను లెక్కపెట్టి అన్నే ఫారాలు ఇస్తారు, పెట్టెలో అన్నే తిరిగి పడ్డాయో లేదో చూస్తారు. ఈ కేసులో ఆ రోజు ఉన్నవాళ్లు 41 మంది, వచ్చిన ఫారాలు 41. కాగితం 21 షీట్లు.

పంచేవారు చెప్పాల్సింది మూడే మాటలు: పేరు, రోల్ నంబరు రాయవద్దు. రాతలు టైపు చేసి మేడంకు ఇస్తాం, మీ చేతిరాత ఆమె చూడరు. వచ్చే వారం ఇదే క్లాసులో జవాబు వింటారు. మూడో మాట నిలబెట్టుకోలేమంటే ఫారమే పంచవద్దు.

టైపు చేసేది కామర్స్ శాఖ వాళ్లు కాకూడదు. అసలు ఫారాలు కవర్లో పెట్టి, అంటించి, సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా ప్రిన్సిపాల్ గది బీరువాలో ఉంచాలి.

రాని 17 మందిని వదిలేయకూడదు. వాళ్లలో పనులకు పోయేవాళ్లు, దూరం ఊళ్లవాళ్లు, పాఠం అర్థంకాక మానేసినవాళ్లు ఉంటారు. మరునాడు మొదటి పీరియడ్‌లో, నిన్న రానివాళ్లకు మాత్రం అవే ఫారాలు ఇచ్చి వేరే కవర్లో వేయించాలి. ఆ జవాబులను మొదటి వాటితో కలపకుండా పక్కన చూసుకోవాలి. కలిపేస్తే, తక్కువ వచ్చేవాళ్ల గొంతు ఎక్కువ వచ్చేవాళ్ల లెక్కలో మునిగిపోతుంది.

లెక్క కట్టడం

ఎక్సెల్‌లో ఒక్కో ఫారానికి ఒక వరుస, ఒక్కో ప్రశ్నకు ఒక నిలువు గడి. ఒక్కో జవాబు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్, గ్రూపు వారీగా లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ తప్ప వేరే ఫార్ములా అవసరం లేదు. అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టిన ఫారాలను ముందు వేరు చేసి ఎన్నో చూడాలి. పదిలో ఒకటి దాటితే పంచిన విధానంలోనే లోపం ఉంది. ఈ ఫారంలో మొదటి గడి ప్రతిసారీ ‘మంచి’ జవాబు కాదు కాబట్టి అలాంటివి సులువుగా దొరుకుతాయి.

ఇప్పుడు వేగం ప్రశ్న, ఈ కేసుకు గుండెకాయ ఇదే. 41 జవాబులు ఇలా ఉన్నాయి: మరీ నెమ్మది 6, కొంచెం నెమ్మది 8, సరిపోయింది 9, కొంచెం వేగం 8, మరీ వేగం 10. పాత అలవాటుతో 1 నుంచి 5 అంకెలిచ్చి సగటు తీస్తే మొత్తం 131, దాన్ని 41తో భాగిస్తే 3.2. మూడు అంటే సరిపోయింది. నివేదికలో ‘వేగం సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టేస్తారు.

అవే జవాబులను ఇంటర్ గ్రూపును బట్టి విడదీస్తే క్లాసు రెండుగా చీలిపోతుంది. సీఈసీ నుంచి వచ్చిన 19 మందిలో మరీ నెమ్మది 6, కొంచెం నెమ్మది 7, సరిపోయింది 5, కొంచెం వేగం 1. ఇతర గ్రూపుల 22 మందిలో కొంచెం నెమ్మది 1, సరిపోయింది 4, కొంచెం వేగం 7, మరీ వేగం 10. ఒకే గదిలో, ఒకే బోర్డు ముందు, 13 మంది విసుగుతో కూర్చున్నారు, 17 మందికి పాఠం అందడం లేదు. సరిపోయిందన్నవాళ్లు రెండు వైపులా కలిపి 9 మందే. మేడం ఇంకొంచెం నెమ్మదిగా చెప్పినా, ఇంకొంచెం వేగంగా చెప్పినా ఒక సగం కష్టం పెరుగుతుంది. వేగం మార్చడం ఇక్కడ మందు కాదు.

మధ్య జవాబు మంచిదిగా ఉండే ప్రశ్నకు సగటు ఎప్పుడూ తీయవద్దు. ఎక్కువ అంకె మంచిదైన ప్రశ్నలకు కూడా సగటును జాగ్రత్తగా చదవాలి. ఐదు అంకెల స్కేలు మీద జవాబుల విచలనం (అవి సగటు నుంచి ఎంత దూరం చెదిరాయన్న కొలత) 0.9 ఉందనుకుంటే, 41 మంది సగటుకు రెండు వైపులా సుమారు 0.3 ఊగిసలాట ఉంటుంది. 12 మంది సెక్షన్ అయితే అర పాయింటు దాటుతుంది. అంటే 4.1 వచ్చిన సార్‌కూ 4.3 వచ్చిన మేడంకూ తేడా ఉందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ అంకెలతో లెక్చరర్లకు ర్యాంకులు వేసి స్టాఫ్ రూమ్ బోర్డు మీద అంటించడం అన్యాయం. దానివల్ల వచ్చే సెమిస్టర్ నుంచి ఇంటర్నల్ మార్కులు ఉదారంగా పడతాయి తప్ప పాఠం బాగుపడదు. ఎక్కువ రేటింగ్ వచ్చిన ఉపాధ్యాయుల దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారన్న నమ్మకాన్ని కూడా, అంతవరకు వచ్చిన అధ్యయనాలను తిరిగి లెక్కించిన 2017 నాటి పరిశీలన బలపరచలేదు.

రాత జవాబులు

రాతలను మూడు కట్టలుగా వేరుచేయాలి. లెక్చరర్ ఈ సెమిస్టర్‌లోనే మార్చగలిగేవి, కళాశాల మార్చాల్సినవి, విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నవి. ఇలాంటి సెక్షన్‌లో వచ్చే మాటలు ఈ తీరున ఉంటాయి: ‘అడ్జస్ట్‌మెంట్లు రెండు చోట్ల ఎందుకు రాయాల్నో అర్థం కాలా.’ ‘బోర్డు మీద లెక్క అయిపోగానే తుడిచేస్తన్నారు, రాసుకోవడానికి టైం చాలడంలా.’ ‘జర్నల్ మళ్లీ మళ్లీ చెప్పబళ్లేదు మేడం, మాకు వచ్చు.’ ‘మేడం అరవకుండా చెప్తారు, అది బాగుంది.’ ‘లాస్ట్ అవర్ వద్దు, బస్సు పోద్ది.’

మొదటి మూడూ మొదటి కట్టలోకి పోతాయి. చివరిది రెండో కట్టలోకి, ఎందుకంటే టైంటేబుల్ మేడం వేయరు. బస్సు ఫిర్యాదును ఆమె ఖాతాలో రాస్తే ‘క్లాసు మీద ఆసక్తి లేదు’ అన్న అంకెగా మారి ఆమె మీద పడుతుంది.

మనిషి రూపం, గొంతు, చీర, కులం, ఊరు మీద రాసిన మాటలను టైపు చేసేటప్పుడే తీసేయాలి. ఆడవాళ్లకు ఇలాంటివి ఎక్కువ వస్తాయి. అమెరికాలో నార్త్ కరోలినాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో చిన్న ప్రయోగం చేశారు, 2015లో అచ్చయింది. పాఠం చెప్పేది ఎవరైనా, మగపేరు కనిపించిన గ్రూపులో రేటింగ్ ఎక్కువ పడింది. ఆలస్యం ఎన్నిసార్లు, పేపరు ఎప్పుడిచ్చారు వంటి లెక్కపెట్టగలిగే ప్రశ్నలు ఉంటే ఈ వంకరకు చోటు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఒక్క రకం రాత మాత్రం ఏ కట్టలోనూ పడకూడదు. అనుచిత ప్రవర్తన, వేధింపు గురించిన సూచన ఉంటే అది ఫీడ్‌బ్యాక్ కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ఉండాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఆ రోజే తెలియజేయాలి. రాసినవారు ఎవరో వెతకవద్దు. ఒక్క సెక్షన్‌లోనే చెబితే అక్కడివాళ్లు బయటపడతారు కాబట్టి, కమిటీకి ఎలా ఫిర్యాదు చేయాలో అన్ని సెక్షన్లలోనూ మళ్లీ చెప్పించాలి.

లెక్చరర్‌తో మాట్లాడటం

గెస్ట్ లెక్చరర్‌కు ఈ కాగితం చూడగానే మొదట తట్టేది వచ్చే ఏడాది తనను తీసుకుంటారా లేదా అన్నదే. ఆ భయం ఉన్నంతసేపు ఏ గ్రాఫూ తలకెక్కదు. అందుకే సెమిస్టర్ మధ్య ఫారం రెన్యువల్‌కు వాడబోమని ప్రిన్సిపాల్ ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మాట్లాడే గదిలో ప్రిన్సిపాల్ ఉండకూడదు. వేరే శాఖ సీనియర్ ఒకరు, మేడం, అరగంట.

ముందు ‘కొనసాగాలి’ అన్న రాతలు చదివించాలి. తర్వాత వేగం పట్టిక. ‘మేడం, ఈ రెండు వరుసలు చూడండి. సీఈసీ పిల్లలు ఇటు, మిగతావాళ్లు అటు. మీకు క్లాసులో ఇలా అనిపించిందా?’ అని అడిగి ఆగాలి. జవాబు సాధారణంగా ఆమె దగ్గరే ఉంటుంది: ముందు బెంచీల్లో తలూపేది ఎవరు, లెక్క ఇవ్వగానే పక్కవాడి నోటుబుక్కు చూసేది ఎవరు. సలహాలు కుప్పపోయవద్దు. ఈ సెమిస్టర్‌కు ఒకటో రెండో మార్పులు, అవి కూడా ఆమె ఎంచుకున్నవి.

ఈ కేసులో మార్పు ఇలా కుదురుతుంది. వారానికి ఐదు పీరియడ్లలో ఒకటి లెక్కల పీరియడ్. 50 నిమిషాల్లో మొదటి 10 బోర్డు మీద ఒక నమూనా లెక్క. తర్వాత 25 నిమిషాలు ఇద్దరిద్దరుగా లెక్క చేయడం, వీలైనన్ని జంటల్లో ఒకరు సీఈసీ, ఒకరు ఇతరం. తర్వాత 10 నిమిషాలు సరిచూడటం, చివరి 5 నోట్సులో ఎత్తి రాసుకోవడం. జంటకు రెండు షీట్లు. మొదటిదాంట్లో ఆరు లావాదేవీలకు జర్నల్ పద్దులు, లెడ్జర్‌లో నమోదు. రెండోదాంట్లో అదే వ్యాపారానికి ట్రయల్ బ్యాలెన్స్ ఇచ్చి మూడు సర్దుబాట్లతో ముగింపు లెక్కలు: ముగింపు సరుకు, చెల్లించవలసిన జీతాలు, యంత్రాల మీద 10 శాతం తరుగుదల. మొదటి షీటును ఎంపీసీ పిల్లవాడు రాయాలి, సీఈసీ పిల్ల చూసి చెప్పాలి. రెండోది ఇద్దరూ కలిసి.

అడ్జస్ట్‌మెంట్ల దగ్గర చిక్కు ఎందుకంటే, ట్రయల్ బ్యాలెన్స్‌లో ఉన్న పద్దు ఒక్కచోటే పోతుంది, బయట ఇచ్చిన సర్దుబాటు రెండు చోట్ల పోతుంది. చెల్లించవలసిన జీతాన్ని లాభనష్టాల ఖాతాలో జీతాలకు కలపాలి, ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు చూపాలి. ఈ ఒక్క తేడా నిలవకపోతే బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా కలవదు, పిల్లలు లెక్క మొత్తం రాదనుకుని వదిలేస్తారు. బోర్డు ఎడమ మూడో వంతులో సర్దుబాటు, మొదటి చోటు, రెండో చోటు అని మూడు గడుల పట్టిక గీసి పీరియడ్ అంతా తుడవకుండా ఉంచాలి. దాంతో తుడిచేస్తున్నారన్న ఫిర్యాదుకు కూడా సగం జవాబు దొరుకుతుంది. ఇంగ్లీషు, తెలుగు పద్దుల పేర్లు పక్కపక్కన రాసిన ఒక్క పేజీ జాబితా ఫొటోకాపీ తీసి ఇస్తే తెలుగు మీడియం పిల్లలకు మిగతా దారి తెరుచుకుంటుంది.

క్లాసులో జవాబు చెప్పడం

ఫారాలు తీసుకున్న వారంలోపు మేడం ఐదు నిమిషాలు కేటాయించాలి. మీరు ఇది చెప్పారు, నేను ఇది మారుస్తున్నాను, ఇది నా చేతిలో లేదు, ఎవరి చేతిలో ఉందో ఇది. చివరి అవర్ విషయం ప్రిన్సిపాల్‌కు రాశామని చెప్పాలి. ‘ఎవరు రాశారో నాకు తెలుసులే’ అన్న మాట నవ్వుతూ అన్నా సరే, ఆ సెక్షన్ నుంచి ఇక నిజం రాదు.

లెక్కల పీరియడ్ మొదలుపెట్టే ముందు ఇంకో సంగతి చెప్పి తీరాలి. సొంతంగా చేసే పీరియడ్ వినే పీరియడ్ కన్నా కష్టంగా ఉంటుంది, ఏమీ రావడం లేదనిపిస్తుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం క్లాసుల్లో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, తామే చేస్తూ నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, తక్కువ నేర్చుకున్నామని మాత్రం అనుకున్నారు. ఈ హెచ్చరిక లేకుండా మారిస్తే, రెండో విడత ఫారంలో పిల్లల అసంతృప్తి పెరిగి మంచి మార్పు కాస్తా మధ్యలో ఆగిపోతుంది.

రెండో విడత

పన్నెండో వారంలో 3, 4, 5 ప్రశ్నలతో పాటు ఎనిమిదోది మాత్రం మళ్లీ. వాటితో పాటు ఒక చిన్న పరీక్ష: మూడు సర్దుబాట్లున్న 10 మార్కుల లెక్క. మార్పుకు ముందు ఏడో వారంలోనే ఇదే స్థాయి లెక్క ఒకటి పెట్టి మార్కులు రాసుకుని ఉంచాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. రెండు పరీక్షలూ గ్రూపుల వారీగా చూడాలి. ఇక్కడ పేరుతో మార్కులు ఉంటాయి, ఫారంలో పేరు ఉండదు, రెండింటినీ ఒక్కో విద్యార్థికి కలపాలని చూడవద్దు.

ఇతర గ్రూపుల పిల్లల మార్కులు పెరిగి, ‘మరీ వేగం’ అన్నవాళ్లు తగ్గితే మార్పు పనిచేస్తోంది. మార్కులు పెరిగినా వేగం జవాబు కదలకపోతే ఒక్క పీరియడ్ చాలడం లేదు. మార్కులు పెరగకుండా సంతృప్తి మాత్రమే పెరిగితే జంటల్లో సీఈసీ వాళ్లే లెక్క చేసేస్తున్నారేమో వెళ్లి చూడాలి, ఎక్కువగా జరిగేది అదే. అలా ఉంటే మొదటి షీటు మీద ఎవరి చేతిరాత ఉందో చూస్తే చాలు, తెలిసిపోతుంది. సీఈసీ పిల్లల మార్కులు కదలకపోతే వాళ్లకు మూడో షీటు కావాలి: రానిబాకీల ఏర్పాటు, ముందుగా చెల్లించిన బీమా కలిపి ఐదు సర్దుబాట్ల లెక్క.

ఐక్యూఏసీ రిజిస్టర్‌లో ఉండాల్సినవి

ఒక సెక్షన్‌కు ఒక పేజీ చాలు. ఫారాలు ఎన్ని ఇచ్చాం, ఎన్ని వచ్చాయి, రోల్‌లో ఎంత మంది, ఆ వారం వరకు పోయిన క్లాసులు ఎన్ని, ఒక్కో ప్రశ్నకు ఏ గడిలో ఎన్ని జవాబులు, లెక్చరర్ ఎంచుకున్న మార్పు, కళాశాల చేయాల్సిన పని, దానికి బాధ్యుడు, గడువు. సగటుకు గడి పెట్టవద్దు, పెడితే ఎవరో ఒకరు నింపుతారు. బోధన పని వదిలేసి సెక్షన్లన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దు. మొదటి సెమిస్టర్‌లో లెక్కలున్న రెండు పేపర్లు, రెండో సెమిస్టర్‌లో నాలుగు. ఒక సెక్షన్‌కు టైపు, పట్టిక, మాట్లాడటం కలిపి ఒక మనిషికి సుమారు ఐదు గంటల పని పడుతుంది. ఆ గంటలు టైంటేబుల్‌లో చూపకుండా సీనియర్ లెక్చరర్ నెత్తిన వేస్తే రెండో విడత జరగదు.

కళాశాల చేయాల్సిన పనుల వరుసలో ఈ సెక్షన్ కింద ఉన్నది ఒకటే: అకౌంటింగ్ రెండు చివరి అవర్లను రెండో, మూడో పీరియడ్లకు మార్చడం, ఆ స్థానంలో కంప్యూటర్ ల్యాబ్ బ్యాచ్‌ను ఉంచడం. దగ్గర ఊళ్లవాళ్లు, హాస్టల్ పిల్లలు ఆ బ్యాచ్‌లో ఉండేలా జాబితా విడగొడితే బస్సు చిక్కు రాదు. బాధ్యత టైంటేబుల్ కమిటీది, గడువు వచ్చే సోమవారం.